ఎడమకు తిరిగిన మడి

సుల్తానాబాద్
9-7-1989

చిరంజీవి నిర్మలకు అన్న బాలకిషన్‌రావు ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేము కుశలం. అక్కడ నువ్వు కుశలమని తలుస్తాను.

తొమ్మిదేళ్ళ తర్వాత అన్న దగ్గర నుంచి ఉత్తరం వస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నీతో నాకొక పని పడింది, అంతే.

పెరట్లో బావి పక్కన ఒక మడి కట్టిస్తున్నాను. మామూలు మడి కాదు. వ్యవసాయ శాఖలో పనిచేసే కొమురెల్లి ఏదో పత్రికలో బొమ్మ చూపించాడు. జిలేబి చుట్ట చూశావు కదా, అట్లా రాళ్ళను చుట్టుకుంటూ పోవాలి. బయటి కొసన మోకాలెత్తు ఉంటుంది. చుట్టు తిరిగేకొద్దీ నడుమెత్తు అవుతుంది, నడిమి కొసకు వచ్చేసరికి ఛాతీ ఎత్తుకు లేస్తుంది. లోపలంతా మట్టి, పశువుల ఎరువు, కొంచెం ఇసుక. పైన నీళ్ళు పోస్తే చుట్ల వెంట కిందికి దిగుతాయి. కాబట్టి పైన ఎప్పుడూ పొడి, అడుగున ఎప్పుడూ తడి. తడి ఓర్వని వామాకు, దవనం పైకి పోతాయి. మెంతికూర, కొత్తిమీర నడుమన ఉంటాయి. పుదీన, సరస్వతి ఆకు కింద ఉంటాయి. నాలుగు మూరల అడ్డం ఉన్న జాగలో ఇరవై రకాలు పడతాయని కొమురెల్లి అంటున్నాడు. అతను కొంచెం ఎక్కువే చెబుతాడు, పదిహేను అనుకో. వంగే పని లేదు. అన్నీ చేతికి అందుతాయి.

అన్నిటికన్నా అడుగున, నీళ్ళు వచ్చి నిలిచే చోట వస నాటాలని ఉంది. ఇక్కడ అంగట్లో ఎండుకొమ్ము దొరుకుతుంది గాని నాకు పచ్చి పిలకలు కావాలి. మీ బోథ్ దగ్గర, పొచ్చెర వాగు వెంట వస బాగా ఉండేదని గుర్తు. విత్తనాలమ్మే లచ్చయ్య నెలకోసారి మీ వైపు వస్తాడు. అతని చేతికి నాలుగు పిలకలు ఇచ్చి పంపు. తడి గోనెపట్టాలో చుట్టడం మరిచిపోకు.

మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది. రాశాను.

బాలకిషన్‌రావు


బోథ్
20-7-1989

అన్నకు నిర్మల నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ అంతయ్య కవరు నా చేతిలో పెట్టి, "సుల్తానాబాద్‌కెల్లి వచ్చిందమ్మా, జర కూసోని సదువుండ్రి" అన్నాడు. ఆ ఊరి ముద్ర పడిన ఉత్తరం ఈ ఇంటికి తొమ్మిదేళ్ళుగా రాలేదని అతనికి కూడా తెలుసు. కూచునే చదివాను. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎవరికి ఏమైందోనన్న భయంతో, రెండోసారి నా గురించి ఒక్క ముక్కైనా ఉందేమోనని. వస గురించి ఉంది. ఎరువు గురించి ఉంది. గోనెపట్టా గురించి కూడా ఉంది.

నువ్వు అడగలేదు కాబట్టి ఊరికే రాస్తున్నాను. మీ బావ పోయి పన్నెండేళ్ళయింది కదా, ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున కిష్టవ్వ వచ్చి పని చేసి, నాతో కూచుని చాయ్ తాగి, ఊరి ముచ్చట్లన్నీ చెప్పి పోతుంది. నా బిడ్డ ప్రమోదిని నాగపూర్‌లో అత్తగారింట బాగానే ఉంది. నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. మిగతాదంతా నువ్వు చూసినట్టే ఉంది.

వస పిలకలు దొరికాయి. వాగు దాకా పోలేను, కిష్టవ్వ చెల్లెలు కొమురవ్వ తెచ్చింది. ఆదిలాబాద్ అంగట్లో మరాఠీ ఆమె దీన్నే వేఖండ్ అని అమ్ముతుంది, చంటిపిల్లల తల్లులు కొనుక్కుపోతారు. నీ ఇంట్లో చంటిపిల్లలు లేరు కదా. పిల్లలకు మాటలు రావాలని నాకిస్తే అర్థముంది గాని ఈ వయసులో నీకు వస దేనికి? చిన్నప్పుడు నిన్ను కన్న అవ్వ నీకు ఎంత నాకించిందో, పంచాయితీలో నీ నోటికి అడ్డు లేదని బాపు మురిసిపోయేవాడు. ఇంకా చాలలేదా?

ఒక మాట అడగక తప్పదు. ఆ ఉత్తరం నీ చేత్తో రాసింది కాదు. నాకు అ ఆలు దిద్దించినవాడివి, నీ అక్షరాలు నేను గుర్తుపట్టనా? పేర్చినట్టుండేవి. ఇవి ఒకటి ఆకాశం చూస్తే ఒకటి నేల చూస్తున్నాయి. ఎవరో గుమాస్తాను కూచోబెట్టి చెప్పి రాయించావు. తొమ్మిదేళ్ళకు చెల్లెలు గుర్తొచ్చింది గాని కలం పట్టే తీరిక దొరకలేదు. పోనీలే, పెద్దమనుషులకు పనులుంటాయి.

నాలుగు అడిగావు, ఆరు పంపుతున్నాను. వదినను అడిగినట్టు చెప్పు.

నిర్మల


సుల్తానాబాద్
6-8-1989

చిరంజీవి నిర్మలకు,

వస నాటాను. ఆరూ బతికాయి. నువ్వు గోనెపట్టా మీద ఇంకో అరిటాకు కూడా చుట్టావు, తెలివైన పని.

గుమాస్తా సంగతి వదిలెయ్. నీకు ఉత్తరం అందితే చాలదా, ఎవరి చెయ్యైతే ఏమిటి?

మోకాళ్ళ నొప్పులన్నావు. నువ్వు కూడా ఇటువంటి మడే కట్టించుకో. వంగి కొత్తిమీర తుంచే బాధ తప్పుతుంది. వెనుక బొమ్మ గీశాను చూడు. ముందు నేల మీద ముగ్గుతో చుట్ట గీసుకోవాలి, తర్వాత దాని మీద రాళ్ళు పేర్చాలి. రెండు విషయాల్లో మాత్రం నా మాట విను. ఒకటి, పైవరస రాళ్ళు గట్టిగా కూచోవాలి. మనిషి బరువంతా ఆనినా కదలకూడదు. రెండు, మడి చుట్టూ నడిచే జాగ చదునుగా ఉండాలి, మూరన్నర వెడల్పు తగ్గొద్దు. నేను పొద్దున పది చుట్లు, సాయంత్రం పది చుట్లు మడి చుట్టూ తిరుగుతాను. తిరుగుతూ ఆకు ఆకునూ పలకరిస్తుంటే పొద్దు పోయినట్టే తెలియదు. మీ వదిన, "గుడి సుట్టు తిరిగితె పున్నెమన్న వస్తుండె" అని నవ్వుతుంది.

ఎడమ చేత్తో నాటితే మొక్క పట్టదని అవ్వ అనేది కదా. నిజమేనంటావా? నీకు అవ్వ చేతి పని నాకంటే బాగా తెలుసు. ఊరికే అడుగుతున్నాను.

ప్రమోదినికి పిల్లలెందరు? మీ వదిన అడగమంది.

బాలకిషన్‌రావు


బోథ్
25-8-1989

అన్నకు నమస్కారాలు.

మడి కట్టించాను. రాళ్ళు మోసిన ఇద్దరూ నన్ను ఎంత తిట్టుకున్నారో వాళ్ళ ముఖాలే చెప్పాయి. "గింత కొత్తిమీరకు గిసొంటి రాళ్ళెందుకమ్మా" అని పర్శరాములు అడిగాడు. మా అన్న చెప్పాడన్నాను. మనిషి బరువు ఆనినా కదలని రాళ్ళు పుదీనకు దేనికో నాకూ అర్థం కాలేదు. ఎక్కి కూచుంటావా ఏమిటి?

కట్టడం అయ్యాక కిష్టవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డది. "అమ్మా, దేవుని సుట్టు కుడికి తిరుగుతం. గిది ఎడమకు వోతున్నది. ఉల్ట కట్టిండ్రు" అన్నది. అప్పుడు నీ బొమ్మ తీసి చూశాను. నిజమే, నువ్వు గీసిన చుట్ట ఎడమకే తిరుగుతోంది. వెంట నడిస్తే ఎడమ చెయ్యి మడివైపు ఉంటుంది. బాపు వాకిట్లో తులసి కుండీ కూడా ప్రదక్షిణం చూసుకుని పెట్టించేవాడు. ఆయన కొడుకువై ఇంత చూసుకోకుండా ఎట్లా గీశావు? నాది విప్పి కట్టించే ఓపిక లేదు. అన్నాచెల్లెళ్ళవి రెండూ ఎడమవే ఉండనీ.

ఎడమ చేత్తో నాటమని నీకు ఎవరు చెప్పారు? అవ్వ ఎడమ చేతిని విత్తనాల గంప దగ్గరికే రానిచ్చేది కాదు. నువ్వు కుర్చీలో కాలు మీద కాలేసుకుని, కుడి చేతిలో పేపరు పట్టుకుని, ఎడమ చేత్తో మొక్క గుచ్చుతున్నావేమో. మొక్కల దగ్గరైనా కొంచెం వంగితే పోయేదేమీ లేదు.

ప్రమోదినికి ఇద్దరు. పెద్దది ఆడపిల్ల, దాని నవ్వు అచ్చం అవ్వదే. రెండోవాడికి ముక్కు మీద కోపం. ఎవరి పోలికో నేను చెప్పను.

నీ మడి నడిమి కొసన ఏం పెట్టావో రాయలేదు. పెట్టకపోయి ఉంటే ఒక మాట. అవ్వ మాచిపత్రి మన పెరట్లో పోయిందని ఎప్పుడో విన్నాను. నా పెండ్లినాడు అవ్వ ఒడిలో పెట్టి పంపిన వేరు ఇక్కడ కమ్ముకుపోయింది. అదే మొక్క, అదే వాసన. ఒక ఆకు నలిపితే అవ్వ కొంగు గుర్తొస్తుంది. లచ్చయ్య వచ్చినప్పుడు పంపుతాను, కొసన నాటుకో. కుడి చేత్తో.

పెరటి తలుపు ఇంకా కిర్రుమంటోందా? రాత్రి పడుకునేముందు ఎందుకో ఆ చప్పుడు గుర్తొస్తుంది. నాకు ఆ ఇల్లు యాదికి రాని రోజు లేదు. ఇంత పెద్దదాన్నయ్యాను, ఇద్దరు పిల్లలకు అమ్మమ్మను, అయినా ఇట్లా ఉంది.

నిర్మల


సుల్తానాబాద్
14-9-1989

నిర్మలకు,

మాచిపత్రి లచ్చయ్య చేతికి ఇవ్వకు. అది అట్లా రాకూడదు. కొస ఖాళీగానే ఉంది, ఖాళీగానే ఉండనీ.

వానలు బాగున్నాయి. వస నాలుగు ఆకులు వేసింది. మెంతులు రెండోసారి చల్లాను. తలుపు ఇంకా కిర్రుమంటుంది. నూనె వేస్తానంటే నేనే వద్దన్నాను.

ఉత్తరం పొట్టిగా ఉందనుకోకు. నా గుమాస్తా ఇంతకంటే రాయలేనంటున్నాడు.

బాలకిషన్‌రావు


బోథ్
8-10-1989

అన్నకు,

ఇవాళ సద్దుల బతుకమ్మ. వాడకట్టులో ప్రతి ఇంటికీ ఆడబిడ్డలు వచ్చారు. నేను తలుపు దగ్గరికి వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. బతుకమ్మ నాకెట్లాగూ లేదు గాని ఆ మాటలు, ఆ నవ్వులు గోడ దాటి వస్తూనే ఉన్నాయి.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. జవాబు రాయకూడదనుకున్నాను. మాచిపత్రి వద్దన్నావు. అది నాది కాదు, అవ్వది. అయినా నా ఇంటి మట్టి అంటిన వేరు నీ పెరట్లో పడకూడదనే కదా నీ ఉద్దేశం? వస కావాలి, పనికొస్తుంది. మాచిపత్రి వద్దు, అది చుట్టరికం. నువ్వు ఎంత పట్టుదల మనిషివో మరిచిపోయి ఏదో ఆశ పెట్టుకున్నాను.

ఇన్నేళ్ళు నోటితో అనని మాట ఈ రోజు రాస్తాను. తొమ్మిదేళ్ళ కింద ప్రమోదినిని నీ కొడుకు శ్యాంసుందర్‌కు చేసుకుంటానన్నావు. మేనరికం, కాదనడానికి ఏమీ లేదు. పిల్ల ఒప్పుకోలేదు. ఎండకాలమంతా ఒకే కంచంలో తిని పెరిగాం, అన్నలాగే కనిపిస్తాడు, నన్ను చంపకే అమ్మా అని ఏడ్చింది. తండ్రి లేని పిల్లను ఏడిపించి పెండ్లి చేయలేక నాగపూర్ సంబంధం ఖాయం చేశాను. పెండ్లికి నువ్వు రాలేదు. ఆ ఏటి నుంచి నన్ను తీసుకుపోవడానికీ రాలేదు. అంతకుముందు ఏటేటా మామిడి తొక్కులు పెట్టే రోజుల్లో వచ్చి, బయటనే నిలబడి, "నడువు చెల్లె, ఇంటికి పోదాం" అనేవాడివి. మంచినీళ్ళు కూడా తాగకుండా తొందర చేసేవాడివి. ప్రతి ఎండకాలం ఒక సంచి సర్ది పెట్టుకునేదాన్ని. నాలుగేళ్ళు అట్లా సర్దాను. తర్వాత మానేశాను.

తోడబుట్టినవాడు వచ్చి పిలవకుండా ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కదు. అది నువ్వూ నేనూ పెట్టుకున్నది కాదు. నువ్వు వస్తావని చూశాను. రాలేదు. ఉత్తరాలు మొదలయ్యాక ప్రతి ఉత్తరంలో ఆ ఒక్క మాట కోసం వెతికాను. లేదు.

నవంబరు పదో తారీఖున ప్రమోదిని వస్తుంది. నన్ను నాగపూర్ తీసుకుపోతుంది. ఈ ఇల్లు మూసేస్తాను, ఇక ఉండడం అక్కడే. మడిని కిష్టవ్వకు అప్పజెప్పాను. కాబట్టి ఇదే నా ఆఖరి ఉత్తరం, గుమాస్తాకు శ్రమ తప్పుతుంది.

ఇక్కడితో ఆపి కవరు మూసేద్దామనుకున్నాను, చేతకాలేదు. నిన్ను చూడాలని ఉంది అన్నా. ఒక్కసారి చూడాలని ఉంది.

నిర్మల


బోథ్
3-11-1989, సాయంత్రం

నిర్మలా,

ఈ ఉత్తరం నీ ఇంట్లో, నీ మంచం మీద కూచుని రాస్తున్నాను. చదివి నవ్వుతావో ఏడుస్తావో నాకు తెలియదు. నాకైతే రెండూ వస్తున్నాయి.

నిన్ను తీసుకుపోవడానికి వచ్చాను. జీపు దిగుతూనే, తలుపుకు తాళం ఉన్నది కూడా చూసుకోకుండా, "నడువు చెల్లె, ఇంటికి పోదాం" అని పిలిచాను. పక్కింట్లో నుంచి కిష్టవ్వ పరుగెత్తుకొచ్చింది. నా మాట ఆమెకు రెండుసార్లు చెబితే గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది, తన దగ్గరున్న చెవితో తాళం తీసి నన్ను కూచోబెట్టింది. "గిదేంది దొరా, అమ్మ పొద్దుగాల బస్సుకే మీ ఇంటికని వొయ్యింది గద. మీకు తొవ్వల కలువలేదా?" అన్నది. నిర్మల్ ఘాట్ మీద ఎర్ర బస్సు ఒకటి మాకు ఎదురైంది. అది పోయేదాకా మా జీపు పక్కకు ఆగింది. ఆ బస్సులో నువ్వు ఉండి ఉంటావు.

ఎందుకు పోయావో కిష్టవ్వ చెప్పింది. లచ్చయ్య నోరు జారాడట. ఒట్టు పెట్టించుకున్నా ఆగలేదు. మంచిదే. అతను చెప్పింది నిజమే గాని నా నోటితో కూడా విను.

జనవరిలో కుడి పక్క పడిపోయింది. చెయ్యి, కాలు, నోటిలో సగం. మూడు నెలలు మాట లేదు. డాక్టరు, "పెద్దాయనా, పట్టుకుని నడవడానికి ఏదైనా కట్టించుకోండి, రోజూ తిరగండి" అన్నాడు. గోడ పట్టుకుని నడవడం నాకు నామోషీ. అప్పుడే కొమురెల్లి ఆ బొమ్మ తెచ్చాడు. ఆ రాళ్ళు పుదీన కోసం కాదు, నేను ఆనుకోవడానికి. చుట్టు ఎడమకు ఎందుకు తిరిగిందంటే నాకు పట్టు ఉన్నది ఎడమ చేతిలోనే. ఆ చెయ్యి మడివైపు ఉంటేనే నేను నడవగలను. బాపు ఉంటే ఈ ఒక్కసారి ప్రదక్షిణం సంగతి అడిగేవాడు కాదు. వస ఎందుకన్నావు. మాట తేటపడుతుందంటే నాకుతున్నాను, అవ్వ నాకించినట్టే మీ వదిన నాకిస్తుంది. నువ్వు రాసింది చదివి నేను నవ్వాను, మీ వదిన లోపలికి పోయి ఏడ్చింది.

గుమాస్తా ఎవరూ లేరు. అది నా ఎడమ చెయ్యి. పలక కొనిపించి నాలుగు నెలలు అక్షరాలు దిద్దాను. కాస్త కుదిరాక రాసిన మొదటి ఉత్తరం నీకే. అది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నువ్వు గుమాస్తా అంటే ఒప్పుకున్నాను, ఎందుకంటే నిజం తెలిస్తే జాలిపడి వస్తావు. నాకు జాలి వద్దు. నిన్ను మామూలుగా, ఎప్పటిలాగా తీసుకుపోవాలి. కాలు కుదుటపడితే వద్దామని రోజులు లెక్కపెట్టుకున్నాను. నీ ఆఖరి ఉత్తరం చూశాక కాలు సంగతి వదిలేశాను.

ఇంకొకటి. మేనరికం కాదన్నందుకు నేను అలిగానని తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నావు. అది కాదు. పిల్లకు ఇష్టం లేదంటే నేను బలవంతం చేసేవాడినా? నువ్వు శుభలేఖ పోస్టులో పంపావు. పుట్టింటివాళ్ళను బొట్టు పెట్టి పిలవాలి నిర్మలా. నువ్వు రాలేదు, ఎవరినీ పంపలేదు. అంతయ్యలాంటి పోస్టుమాన్ ఒకడు వచ్చి నా మేనకోడలి పెండ్లి అని నా చేతిలో కవరు పెట్టి పోయాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. మనిషిని మనిషి వచ్చి పిలవాలి. అందుకే ఏ ఉత్తరంలోనూ నిన్ను రమ్మని రాయలేదు. నువ్వు చేసినందుకు నేను బాధపడి, అదే పని నేను ఎట్లా చేయను? శ్యాంసుందర్‌ను పంపుదామంటే, కాదనిపించుకున్న వాడినే ఎట్లా పంపడమని ఆగాను. మొన్న అదే మాట వాడితో అంటే, "గా ముచ్చట నేనెప్పుడో మర్సిపోయిన బాపు. మీరే యాది పెట్టుకున్నరు" అన్నాడు. వాడే నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి, పొట్ట కూడా వచ్చింది. ఇప్పుడు నీ వంటింట్లో కిష్టవ్వ చేసిన జొన్నరొట్టె తింటున్నాడు.

మాచిపత్రి వద్దన్నది నువ్వు స్వయంగా తెస్తావని. లచ్చయ్య సంచిలో కాదు, నీ చేతిలో రావాలని. అంత మాట రాయడానికి ఆ రోజు చెయ్యి సాగలేదు, సగం రాసి ఆపాను. సగం మాట రాస్తే ఇట్లాగే అవుతుంది.

డ్రైవరు సిద్దిరాములుకు ఈ ఉత్తరం ఇచ్చి జీపు పంపుతున్నాను. రాత్రి నిర్మల్ ఊళ్ళో పడుకుని పొద్దున అక్కడికి చేరతాడు. నువ్వు అదే జీపులో ఇక్కడికి తిరిగి రా. నిన్ను నీ గడప ముందు నుంచి నేనే తీసుకుపోవాలి. పిలవకుండా వచ్చిందన్న మాట నీకు రాకూడదు. నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.

అన్న


సుల్తానాబాద్
4-11-1989, పొద్దున

అన్నా,

సిద్దిరాములు చాయ్ తాగుతున్నాడు. ఆ లోపల రాయాలి.

మొన్న లచ్చయ్య వచ్చి వాకిట్లో నిలబడి సంచి కింద పెట్టకుండా, "దొర ఒట్టు పెట్టించుకున్నడమ్మా. చెప్పకుంటె నాకు అన్నం దిగుతలేదు" అన్నాడు. అన్నీ చెప్పాడు. అతను పోయాక నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. ఆ అక్షరాలు చూస్తే ఈసారి నా కళ్ళకే ఏమీ కనిపించలేదు. ఆకాశం చూస్తున్నాయన్నాను, నేల చూస్తున్నాయన్నాను. ఆ మాటలు రాసిన నా చెయ్యి పడిపోవలసింది.

పిలుపు సంగతి దారిలో ఒక్కసారే గుర్తొచ్చింది, కరీంనగర్ బస్టాండులో బస్సు మారేటప్పుడు. పిలవకుండా పోతున్నావు కదా అని లోపల ఎవరో అన్నారు. అననీ అని బస్సెక్కాను. చీకటి పడే వేళకు ఇల్లు చేరాను. తలుపు తీసి వదిన నా రెండు చేతులూ పట్టుకుంది. "నిన్ను తోలుకరానికే పోయిండు గదనే పిచ్చిదానా" అన్నది. ఇద్దరం గడపలోనే కూచుండిపోయాం. తొమ్మిదేళ్ళుగా నువ్వు ఎట్లా వస్తావో ఎన్ని విధాలుగా ఊహించుకున్నానో, ఆ సమయానికి నేను ఇంట్లో ఉండనని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

వదిన నీ పలక చూపించింది. మొదట ఏ పేరు దిద్దావో చెప్పింది. అది ఇక్కడ రాయను. చెల్లెళ్ళు కొన్ని తమ దగ్గర దాచుకోవాలి.

శుభలేఖ విషయంలో తప్పు నాది. నిజం చెబుతున్నాను. నీ ముఖం చూసి, నీ కొడుకును వద్దన్న పిల్ల పెండ్లికి రమ్మని అనే ధైర్యం చాలలేదు. బొట్టు భరిణె పట్టుకుని రెండుసార్లు బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. మూడోసారి పోస్టాఫీసుకు పోయాను. నువ్వు అలిగింది సంబంధం గురించి అనుకుని నా మనసుకు సర్దిచెప్పుకున్నాను, ఎందుకంటే అందులో నా తప్పు లేదు. నువ్వు అన్నం తినని రోజు గురించి నాకు తెలియలేదు. తెలిసి ఉంటే నడిచైనా వచ్చేదాన్ని.

ప్రమోదినికి ఉత్తరం రాసి ఇదే సిద్దిరాములు చేతికిస్తున్నాను, అక్కడ అంతయ్యకు ఇప్పించు. పదో తారీఖున బోథ్‌కు కాదు, పిల్లలను తీసుకుని ఇక్కడికే రమ్మన్నాను. మేనమామను చూపించాలి. నాగపూర్ సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు నీ మాటకు జవాబు. నేను జీపులో రావడం లేదు. నువ్వు కోప్పడతావు, పడు. నేను కూడా ఎక్కితే తిరుగు దారిలో జీపులో నువ్వు కాలు చాపుకునే జాగ ఉండదు, మళ్ళీ అంత దారి పోయి రావడానికి నా మోకాళ్ళు కూడా ఒప్పవు. నా మడి రాళ్ళు కూడా గట్టివే, రేపు పొద్దున దాని చుట్టూ పది చుట్లు తిరిగే బయలుదేరు. జీపులో రెండు మెత్తలు పెట్టించాను. కుడి పక్కన శ్యాంసుందర్‌ను కూచోమను. ఘాట్ మీద మెల్లగా రమ్మని సిద్దిరాములుకు నేనే చెప్పాను.

పిలవకుండా వచ్చానన్న మాట నాకు రాదు. నువ్వు నా గడప ముందు నిలబడి పిలిచావు, కిష్టవ్వ విన్నది. నువ్వు పిలిస్తేనే వచ్చాను అన్నా. ఒక్క పూట ముందు బయలుదేరాను, అంతే.

నీ చెల్లె
నిర్మల